పదిహేనులో ఆరు మాటలు

ఫుట్‌బాల్ లీగు డాక్టర్ల ఉత్తరం వచ్చిన రోజు మా ఆయన పాల డబ్బా కోసం పొయ్యి కింది అరలో వెతుకుతున్నాడు. పాలు ఫ్రిజ్‌లో ఉంటాయి ఎమిల్, మన పెళ్ళయినప్పటి నుంచీ అక్కడే ఉంటున్నాయి అని చెప్పి నేను కవరు చించాను. రెండు పేజీలు. మొదటి పేజీ నిండా మర్యాదలే. రెండో పేజీ అడుగున అసలు సంగతి. ఎమిల్ కోవాలిక్ ఆడే రోజుల్లో ఇచ్చిన పరీక్షలతో పోల్చి చూస్తే ఇప్పుడు అతని జ్ఞాపకశక్తిలో చెప్పుకోదగ్గ తగ్గుదల ఏమీ కనిపించలేదట. కాబట్టి మాజీ ఆటగాళ్ళ కోసం నడుపుతున్న ఇంట్లో చోటు ఇవ్వడం కుదరదట. అందుకు వాళ్ళు ఎంతో చింతిస్తున్నారట.

నేను తలెత్తి చూశాను. మా ఆయన పొయ్యి అర దడాలున మూసి, "ఈ ఇంట్లో ఏదీ పెట్టిన చోట ఉండదు" అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలో సగం డాక్టర్ల మీద. తక్కిన సగం ఎవరి మీదో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మా ఆయన పేరు మీరు విని ఉండరు. మా అమెరికా ఫుట్‌బాల్‌లో పేరు వచ్చేది బంతి చంకలో పెట్టుకుని పరుగెత్తేవాళ్ళకి. మా ఆయన ఏడేళ్ళు ఒకే జట్టులో ఆడి బంతిని ముట్టుకున్నది రెండే సార్లు, అదీ పొరపాటున. ఆయన పని వేరు. ఒక జట్టు బంతిని తన్ని అవతలి జట్టుకి అప్పగిస్తుంది. అవతల బంతి అందుకున్నవాడికి కాపలాగా నలుగురు భారీ మనుషులు భుజం భుజం కలిపి గోడలా ఎదురొస్తారు. ఆ గోడ మీదికి నలభై గజాల దూరం నుంచి ఊపిరి బిగబట్టి పరుగెత్తుకొచ్చి తలతో పగలగొట్టాలి. గోడ పగిలాక వెనకాల వచ్చినవాడు బంతి ఉన్నవాణ్ణి పడేస్తాడు, జనం వాడి పేరు అరుస్తారు. అప్పటికి మా ఆయన గడ్డి మీద బోర్లా పడి తన జట్టు బెంచీ ఏ వైపు ఉందో వెతుక్కుంటూ ఉంటాడు. రెండుసార్లు అవతలి జట్టు బెంచీ మీదికి వెళ్ళి కూర్చున్నాడు. దాన్ని ఊళ్ళో ఇప్పటికీ జోకులాగా చెప్పుకుంటారు. నేనూ నవ్వేదాన్ని.

మాది నది ఒడ్డున ఉక్కు మిల్లు ఉన్న ఊరు. ఉన్న ఊరు అనకూడదు, మిల్లు మూతపడేనాటికి ఎమిల్‌కి పద్నాలుగేళ్ళు. వాళ్ళ నాన్న ఆ రోజు నుంచి వసారాలో కుర్చీ వేసుకుని కూర్చుని, పోయేదాకా లేవలేదు. ఆ తరం మగపిల్లలకి మా ఊళ్ళో మిగిలింది హైస్కూలు మైదానం ఒక్కటే. ఎమిల్ పెద్ద పరుగు వీరుడేమీ కాదు, బాగా పొడుగూ కాదు. కాకపోతే దెబ్బకి జంకడు. ఇంతకన్నా గొప్ప గుణం ఆ ఆటలో లేదని అందరూ మెచ్చుకున్నారు. జంకాల్సిన చోట జంకే బుద్ధి కూడా ఒక గుణమేనని ఒక్క కోచ్ అయినా చెప్పి ఉంటే బాగుండేది.

ఇక అసలు కథ. ప్రతి జులైలో శిక్షణ శిబిరం మొదలయ్యే ముందు జట్టు డాక్టరు అందరికీ ఒక పరీక్ష పెట్టేవాడు. పదిహేను మాటలు చదివి వినిపిస్తాడు. కాసేపు వేరే పనులు చేయించి, గుర్తున్న మాటలు చెప్పమంటాడు. ఎన్ని చెబితే అంత లెక్క, అది కాగితం మీద ఉంటుంది. తర్వాత ఏ అక్టోబరులోనో తలకి దెబ్బ తగిలి దిమ్మెక్కితే మళ్ళీ అదే పరీక్ష. జులై లెక్క కన్నా తగ్గితే ఆట మాన్పించి కూర్చోబెడతారు. రెండు ఆదివారాల ఆటలకి కూర్చున్న గోడ పగలగొట్టేవాడి స్థానంలోకి మూడో ఆదివారం వేరేవాడు వచ్చేస్తాడు. అలాంటి పని చేసేవాడు సందుకొకడు దొరుకుతాడు కదా.

దీనికి విరుగుడు చెప్పింది పెటిగ్రూ. ముప్పై నాలుగేళ్ళ పాతకాపు, జట్టులో కుర్రాళ్ళకి పెద్దన్న. మంచివాడే పాపం. మా ఇంటికి భోజనానికి వచ్చి, ఎమిల్ భుజం మీద చెయ్యేసి, "చూడు తమ్ముడూ, జులైలో నువ్వెంత తెలివిగా కనిపిస్తే అక్టోబరులో నీకంత చిక్కు. పదిహేనూ చెప్పావనుకో, చచ్చావన్నమాటే. ఆరు చెప్పు చాలు. ఆరుకి మించకు, అయిదుకి దిగకు" అన్నాడు. పైగా డాక్టరు బద్ధకస్తుడు, ఏటా అవే పదిహేను మాటలు, మార్చడు. పెటిగ్రూకి అవి కంఠతా వచ్చు. కాగితం రుమాలు మీద రాసిచ్చాడు.

నిచ్చెన, వెన్న, గుర్రం, లాంతరు, సబ్బు, నది, గొడ్డలి, టోపీ, మేఘం, బల్ల, కుండ, నాణెం, ఉంగరం, చేప, తలుపు.

ఇరవై మూడేళ్ళయింది. నేనిప్పటికీ నిద్రలో లేపినా చెప్పగలను. ఎందుకంటే చదివి వినిపించింది నేనే. వంటింటి బల్ల దగ్గర, గుడ్లు ఉడకబెట్టే గడియారం ఎదురుగా పెట్టుకుని, వారం రోజులు సాధన చేయించాను. తెలిసింది తెలియనట్టు చెప్పడం మా ఆయనకి చేతకాలేదు. ఆ రోజుల్లో ఎమిల్ జ్ఞాపకశక్తి మామూలుది కాదు. శుక్రవారం చర్చిలో చేపల విందు జరిగితే పన్నెండు బల్లల వాళ్ళు ఏం అడిగారో కాగితం ముక్క లేకుండా వంటగదిలో ఒప్పజెప్పేవాడు, ఏ ముసలమ్మకి ఉల్లిపాయ పడదో దాంతో సహా. అలాంటివాడు ఒక్కోసారి ఒక్కో ఆరు చెబుతున్నాడు. తడవకో రకంగా మరిచిపోతే డాక్టరుకి అనుమానం రాదూ? అప్పుడు నేను బుర్ర ఉపయోగించాను. నేను సరుకుల చీటీ ఇంట్లో మరిచిపోయి బజారుకి వెళితే నాకు మొదటివీ చివరివీ గుర్తుంటాయి, మధ్యలోవి పోతాయి. మొదటి మూడు, చివరి మూడు పట్టుకో, మధ్యలోవి వదిలెయ్ అని చెప్పాను. నిచ్చెన, వెన్న, గుర్రం, ఉంగరం, చేప, తలుపు. అంతే. ఆ తెలివి నాదే. ఎవరి మీదా తోసెయ్యడానికి లేదు.

పాచిక పారింది. ఏడేళ్ళు ఏటా ఆరు మాటలే. దెబ్బలు తగిలిన ప్రతిసారీ ఆరు మాటలే. తొంభై తొమ్మిదిలో ఒకసారి మైదానంలోనే వాంతి చేసుకున్నాడు, నా పేరు తట్టక "అమ్మాయ్" అని పిలిచాడు. డాక్టరు పరీక్ష పెడితే మాత్రం ఆరూ గడగడా చెప్పేశాడు. వచ్చే ఆదివారం ఆడొచ్చు అన్నారు. ఆ సాయంత్రం ఆ సంతోషంలో ఇద్దరం బయట భోజనం చేశాం. నేను కొత్త గౌను వేసుకున్నాను.

ఆట మానేశాక మా బడిలో బాయిలర్ చూసుకునే పనిలో చేరాడు. నేను బడి బస్సు నడుపుతాను. మాకు పిల్లలు లేరు కానీ ఊరి పిల్లలందరి పేర్లూ ఎమిల్‌కి తెలుసు. పదేళ్ళు బాగానే గడిచాయి. ఆ తర్వాత పేర్లు పోవడం మొదలైంది. పేర్ల తర్వాత నిదానం పోయింది, జల్లెడ కనబడలేదని గోడకి గుద్ది గుంట పెట్టాడు. ఒకరోజు బాయిలర్ గదికి తాళం వేసి, తాళం చెవి నదిలో పారేసి ఇంటికొచ్చి పడుకున్నాడు. ఎందుకు పారేశావంటే ఎవరైనా ఎత్తుకుపోతారని అన్నాడు. ఉద్యోగం అక్కడితో సరి.

ఇవన్నీ ఊళ్ళో చెప్పుకుందామంటే ఇంకో తలనొప్పి. ఈస్టర్ ముందు ఉపవాసాల రోజుల్లో ప్రతి గురువారం చర్చి కింది వంటగదిలో ఆడవాళ్ళందరం కూర్చుని పిరోహీలు చేస్తాం. పిండి ఒత్తి, బంగాళాదుంప కూరు పెట్టి, అంచులు నొక్కి, వందల కొద్దీ. ఎమిల్ మూల కూర్చుని దుంపలు చెక్కు తీస్తాడు. అక్కడ నేను నోరు విప్పడం ఆలస్యం, మా ఆయనా అంతే డోరీన్ అని ఒకరు, మావాడు పాలు తెమ్మంటే రొట్టె తెస్తాడని ఇంకొకరు. మగవాళ్ళందరూ అంతేనట. మీ ఆయన తన చెప్పులు కడిగి పిండి గిన్నెలో ఆరబెట్టాడా అని అడగాలనిపించేది. అడగలేదు. ఆ గిన్నెలోనే ఆ రోజు అందరం పిండి కలుపుతున్నాం మరి.

ఈ ఏడు మూడుసార్లు గ్యాస్ వెలిగించి వదిలేశాడు. మూడోసారి కిటికీ తెర అంటుకుంది. ఎదురింటాయన చూశాడు కాబట్టి సరిపోయింది. నేను పొద్దున రెండున్నర గంటలు, మధ్యాహ్నం రెండున్నర గంటలు బస్సు మీద ఉంటాను. నా వెనక సీట్లలో నలభై మంది పిల్లలు, నా బుర్రలో మా వంటిల్లు. ఈ లెక్కన ఏదో ఒక రోజు అక్కడో ఇక్కడో కొంప అంటుకోవడం ఖాయం. అందుకే లీగు వాళ్ళు కొండ మీద నడిపే ఇంట్లో చోటు కావాలన్నాను. మాజీ ఆటగాళ్ళని పగలంతా అక్కడ చూసుకుంటారు, పొద్దున దింపి సాయంత్రం తెచ్చుకోవచ్చు. దానికి ఒకే ఒక్క షరతు, ఆట వల్ల జ్ఞాపకశక్తి తగ్గిందని తేలాలి. పరీక్ష పెట్టారు. పోల్చడానికి ఆ పాత పదిహేను మాటలే చదివితే ఎమిల్ అయిదు చెప్పాడట. పాత కాగితాలు తీశారు. ఆరు. ఆరుకీ అయిదుకీ తేడా ఏముంది? ఏమీ లేదు. ఈ మనిషి మొదటి నుంచీ ఇంతే.

ఫోన్ చేసి పాత లెక్క అబద్ధమని చెప్పాను. ఫోన్ ఎత్తిన అమ్మాయి ఎంతో ఓపికగా, భార్యలందరూ అలాగే అంటారండీ అంది. రుజువు ఉందా అంది. పెటిగ్రూ పోయి ఆరేళ్ళయింది. రుమాలు, సాధన చేసిన నోటు పుస్తకం నేలమాళిగలో ఉండేవి, వరదలో కొట్టుకుపోయాయి. కావాలంటే ఇంకో డాక్టరు చేత మళ్ళీ పరీక్ష చేయించుకోవచ్చు, మీరు చెప్పదలుచుకున్నది ఈ కాగితంలో రాయండి అని ఒక ఫారం పంపింది. అందులో చెప్పుకోవడానికి మూడు గీతల జాగా ఇచ్చారు. ఏడేళ్ళ మోసం, మూడు గీతలు.

రాయబోతుంటే మా అత్త మార్గిత వచ్చింది. ఎనభై దగ్గరపడ్డా పిరోహీ వంటగది ఇంకా ఆవిడ చేతి కిందే నడుస్తుంది. కళ్ళజోడు సర్దుకుని ఫారం చదివింది.

"మావాడు మోసగాడని నీ చేత్తో నువ్వే రాసిస్తావుటే?"

"చేసిందే కదత్తా రాస్తున్నాను."

"వాడికున్నదల్లా ఆ ఏడేళ్ళే. వాడు ఆడిన చొక్కా ఇంకా చర్చి హాల్లో అద్దం వెనక వేలాడుతోంది. అది కూడా పీకించెయ్. మీ మామ తాగుడుకి పోయాడని ఊరంతా అనుకున్నా నేను నోరెత్తలేదు. మొగుడి పరువు ఎలా కాయాలో నీకెవరూ చెప్పలేదు కాబోలు."

పొయ్యి ఎవరు కాస్తారు మరి అని అడిగాను. ఆవిడ నేనొచ్చి కూర్చుంటానంది. మోకాళ్ళు వంగని మనిషి, రెండు మెట్లెక్కడానికే ఆయాసపడుతుంది. ఆవిడ మీద కోపం తెచ్చుకోవడానికి కూడా కుదరక మూడు గీతలూ ఖాళీగా వదిలేసి ఫారం పంపించేశాను. ఎటూ తేల్చుకోలేని పిరికిదాన్ని, ఇంకేం చెయ్యను.

పరీక్ష మంగళవారం. నగరంలో డాక్టర్ ఓస్టర్‌మన్ అని ఒక పెద్దావిడ. పొద్దున బయల్దేరబోతుంటే ఎమిల్ మంచం మీద కూర్చుని చీలమండలకి తెల్ల పట్టీలు చుట్టుకుంటున్నాడు, ఆట ముందు చుట్టుకునేవి. అలవాటుగా ఆదివారాలు చుట్టుకుంటాడు, చర్చికి వాటితోనే వస్తాడు. ఇవాళ మంగళవారం కదా అన్నాను. తెలుసు, ఇవాళ డాక్టరు దగ్గరికి కదా అన్నాడు. విప్పమంటే గొడవవుతుందని ఊరుకున్నాను.

డాక్టరు గదిలో నన్ను వెనక కుర్చీలో కూర్చుని మాట్లాడొద్దంది. పదిహేను మాటలు చదివింది. ఇవి వేరే మాటలు, వంతెన, చెంచా, సీతాకోకచిలుక, ఇంకేవో. బొమ్మలు గీయించింది, వేళ్ళు లెక్కపెట్టించింది. తర్వాత, "కోవాలిక్ గారూ, ఇందాక నేను చదివిన వాటిలో మీకు గుర్తున్నవి చెప్పండి" అంది.

మా ఆయన నిటారుగా కూర్చున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"నిచ్చెన, వెన్న, గుర్రం." కాసేపు నుదురు రుద్దుకున్నాడు. ఆ రుద్దుకోవడం కూడా నేను నేర్పిందే, ఆలోచిస్తున్నట్టు కనబడాలని. "ఉంగరం. చేప. తలుపు."

డాక్టర్ ఓస్టర్‌మన్ తన కాగితం చూసుకుంది. అందులో ఒక్కటీ లేదు. సున్నా వెయ్యబోయింది. ఎమిల్ మెడ వెనక్కి తిప్పి నా వైపు చూసి కన్ను గీటాడు. పని అయిపోయిందన్నట్టు.

అప్పుడిక నా వల్ల కాలేదు. ఇన్నేళ్ళూ నేను విసుక్కున్న ప్రతి పూటా గుర్తొచ్చింది. ఈ మనిషి పాలు మరిచిపోయాడు, తల్లి పుట్టినరోజు మరిచిపోయాడు, పెటిగ్రూ చచ్చిపోయాడని మరిచిపోయి నాలుగుసార్లు కొత్తగా ఏడ్చాడు. నేను నేర్పిన అబద్ధం ఒక్కటి మాత్రం అక్షరం పొల్లుపోకుండా దాచుకున్నాడు.

"పాత కాగితాలు తియ్యండమ్మా" అన్నాను. మాట్లాడొద్దని చెప్పానని ఆవిడ చెయ్యెత్తింది. "చెప్పారు. అయినా తియ్యండి. ఎన్ని మాటలు చెప్పాడో కాదు, ఏ మాటలు చెప్పాడో చూడండి."

ఆవిడ దస్తరం తిరగేసింది. తొంభై ఆరు. తొంభై ఏడు. ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పక్కపక్కన పరిచింది. ఏడు జులైలు, నాలుగు అక్టోబర్లు. పదకొండు కాగితాల్లో అవే ఆరు మాటలు, అదే వరసలో, ఇప్పుడు మా ఆయన ఒప్పజెప్పిన వరసలో. అన్నేళ్ళూ అందరూ కింద వేసిన ఆరు అనే అంకెనే చూశారు. పైనున్న మాటలు చదివిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు.

"ఇవి ముందే నేర్చుకున్నవా?" అంది.

"నేనే నేర్పాను. ఆయనకి పదిహేనూ వచ్చు. తొమ్మిది మరిచిపొమ్మని చెప్పింది నేనే. మా వంటింట్లో, వారం రోజులు కూర్చోబెట్టి."

ఆవిడ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండునని అనిపించింది. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, చాలాసేపు రాసింది. ఎమిల్ ముఖంలో నవ్వు పోయింది. వంగి, డాక్టరుకి వినబడకుండా అన్నాడు.

"ఎందుకు చెప్పావు డోరీన్? ఇప్పుడు ఆదివారం కూర్చోబెడతారు."

దారి పొడుగునా కారు కిటికీ వైపే తిరిగి కూర్చున్నాడు. ఎప్పుడూ ఒకే ప్రశ్న పదిసార్లు అడిగి నా తల తినే మనిషి గంటంబావు ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికి చేరాక పిరోహీలున్నాయా అని అడిగాడు. ఉన్నాయి. వెన్నలో వేయించి పెడితే తొమ్మిది తిన్నాడు. సరే, మరిచిపోయాడనుకున్నాను. ఆ జబ్బులో ఒక్క మేలైనా ఉందనుకున్నాను.

మూడు వారాలకి ఉత్తరం వచ్చింది. చోటు ఇచ్చారు. మా అత్తకి చదివి వినిపిస్తే, చొక్కా పీకేస్తారా అని అడిగింది. చొక్కా సంగతి ఉత్తరంలో ఎవరూ ఎత్తలేదని చెప్పాను. ఆవిడ, అయితే వాడికి ఉల్లిపాయ ఎక్కువ వెయ్యమని అక్కడి వంటవాళ్ళకి చెప్పు అంది.

సోమవారం బస్సుకి సెలవు పెట్టి నేనే తీసుకెళ్ళాను. శిక్షణ శిబిరానికి వెళ్తున్నాననుకుని సంచీ తనే సర్దుకున్నాడు. పట్టీలు, రెండు తువ్వాళ్ళు, ఎందుకో గుడ్ల గడియారం. కొండ మీది ఇంటి ముందు కారు ఆపాక దిగలేదు. "ఒకసారి చదువు, పరీక్ష పెడతారు కదా" అన్నాడు.

చదివాను. నిచ్చెన నుంచి తలుపు దాకా, పదిహేనూ, తొందర లేకుండా, వంటింటి బల్ల దగ్గర చదివినట్టే. ఆయన కళ్ళు మూసుకుని విని, తన ఆరూ తను చెప్పాడు.

"మిగతావి?" అన్నాను.

"వచ్చు."

"వస్తే ఒక్కటి చెప్పు. మధ్యలోది, ఏదైనా ఒక్కటి. ఇక్కడెవరూ లేరు, నేనొక్కదాన్నే ఉన్నాను కదా."

ఎమిల్ సంచీ ఒళ్ళోకి తీసుకుని నన్ను చూశాడు. కోపంగా ఏమీ లేడు. చిన్నపిల్లకి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు.

"నీకు చెప్పనులే డోరీన్. నువ్వు డాక్టరుకి చెప్పేస్తావు."

తలుపు తీసుకుని, దిగి, చీలమండల పట్టీలు ఒకసారి సరిచూసుకుని, నా కోసం ఆగకుండా లోపలికి వెళ్ళిపోయాడు.